కుదించిన టోకమాక్‌లలో ప్లాస్మా విద్యుత్ ప్రవాహ నియంత్రణ: ఇరుకైన మధ్యరంధ్రం తెచ్చిన చిక్కులు

వ్యాససంగ్రహం:
కేంద్రక సంలీన పరిశోధనలో టోకమాక్ ప్రధాన సాధనం. అందులోని ప్లాస్మాను పట్టి ఉంచేవి బయటి అయస్కాంతాలు మాత్రమే కావు; ప్లాస్మాలోనే పారే విద్యుత్ ప్రవాహం కూడా ఆ పనిలో సగపాలు పంచుకుంటుంది. ఈ ప్రవాహాన్ని పుట్టించి పెంచడానికి ట్రాన్స్‌ఫార్మర్ సూత్రమే నేటికీ ముఖ్యాధారం. యంత్రాన్ని కుదించినకొద్దీ ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు దక్కే చోటు తగ్గిపోతుంది. ఈ వ్యాసం గాంధీనగర్‌లోని ఆదిత్య, ఇంగ్లండులోని మాస్ట్ యంత్రాల కొలతలను పక్కపక్కన పెట్టి ఆ చిక్కును వివరిస్తుంది. ప్రవాహ నియంత్రణ ఎలా జరుగుతుందో, సోలినాయిడ్ లేకుండా ప్రవాహాన్ని పుట్టించే ప్రయత్నాలు ఎంతవరకు వచ్చాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టోకమాక్, గోళాకార టోకమాక్, ప్లాస్మా విద్యుత్ ప్రవాహం, సోలినాయిడ్, అయస్కాంత అభివాహం, పునర్నివేశ నియంత్రణ, బూట్‌స్ట్రాప్ ప్రవాహం, హెలిసిటీ.

1. ఉపోద్ఘాతం:

ట్రాన్స్‌ఫార్మర్ ఏకముఖ విద్యుత్తుతో పనిచేయదని డిగ్రీ భౌతికశాస్త్ర తరగతిలో ప్రతి అధ్యాపకుడూ చెబుతాడు. విద్యార్థులు రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు, అంతటితో ఆ వాక్యం పని తీరిపోతుంది. అయితే వేల కోట్ల రూపాయల ఖర్చుతో సాగుతున్న సంలీన పరిశోధనలో ఒక పెద్ద చిక్కు సరిగ్గా ఆ వాక్యంలోనే ఉంది. టోకమాక్ అనేది ఏకముఖ ప్రవాహం కోరే ట్రాన్స్‌ఫార్మర్. దాని గౌణ తీగచుట్ట రాగితో చేసింది కాదు. లక్షల డిగ్రీల వేడిమి గల ఒకే ఒక్క ప్లాస్మా వలయం.

1950ల తొలినాళ్లలో మాస్కోలో సఖరోవ్, టామ్‌ల ఆలోచనల నుంచి మొలకెత్తిన ఈ యంత్రం ఆర్సిమోవిచ్ నాయకత్వంలో రూపుదిద్దుకొన్నది. 1968లో నొవొసిబిర్స్క్ సమావేశంలో సోవియట్ శాస్త్రజ్ఞులు టి-3 యంత్రపు ఫలితాలను ప్రకటించినప్పుడు పాశ్చాత్యులు వెంటనే నమ్మలేదు. మరుసటి ఏడాది ఇంగ్లండులోని కల్‌హామ్ నుంచి ఒక బృందం లేజర్ పరికరాన్ని మాస్కోకు తీసుకువెళ్లి స్వయంగా ఉష్ణోగ్రతను కొలిచింది. ఆ తరువాతనే ప్రపంచం టోకమాక్ వైపు మళ్లింది.

ఒక పదం గురించి ముందుగా చెప్పుకోవాలి. తెలుగులో 'ప్రవాహం' అన్న మాటను ద్రవాల కదలికకూ వాడతాం, విద్యుత్తుకూ వాడతాం. ప్లాస్మాలో ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. అది వలయంలో గిర్రున తిరుగుతుంది, దానిలో విద్యుత్తూ పారుతుంది. ఈ వ్యాసంలో ప్రవాహం అంటే విద్యుత్ ప్రవాహమే అని పాఠకులు గ్రహించగలరు.

2. ప్లాస్మాకు ప్రవాహం ఎందుకు?

వలయాకారపు గదిని చుట్టి ఉన్న తీగచుట్టలు గది పొడవునా ఒక అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తాయి. దీనిని టొరాయిడల్ క్షేత్రం అంటారు. ఇది లోపలి వైపు బలంగా, బయటి వైపు బలహీనంగా ఉంటుంది. ఈ తేడా వల్ల అయాన్లు ఒక దిక్కుకు, ఎలక్ట్రాన్లు దానికి ఎదురు దిక్కుకు, అంటే ఒకటి పైకి మరొకటి కిందికి జరుగుతాయి. ఆవేశాలు విడిపోగానే వాటి మధ్య విద్యుత్ క్షేత్రం ఏర్పడి, ప్లాస్మాను మొత్తంగా బయటి గోడ మీదికి తోసివేస్తుంది. కేవలం టొరాయిడల్ క్షేత్రంతో ప్లాస్మా ఒక మిల్లీసెకను కూడా నిలవదు.

దీనికి మందు క్షేత్రరేఖలను మెలితిప్పడమే. ప్లాస్మాలో వలయం వెంబడి ప్రవాహం పారితే, ఆ ప్రవాహం తన చుట్టూ మరొక క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఇది పొలాయిడల్ క్షేత్రం. రెండూ కలిసినప్పుడు క్షేత్రరేఖ తాడు పురిలా మెలికలు తిరుగుతుంది. పైభాగంలో చేరిన ఆవేశం ఆ రేఖ వెంట జారి కిందికి వచ్చి సర్దుకుంటుంది.

మెలిక ఎంత ఉండాలన్నదే తరువాతి ప్రశ్న. క్షేత్రరేఖ ప్లాస్మా మధ్యగీత చుట్టూ ఒక చుట్టు పూర్తిచేసేలోగా, పెద్ద వలయం వెంబడి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ సంఖ్యను భద్రతా గుణకం అంటారు. ప్రవాహం పెరిగితే మెలిక పెరుగుతుంది, ఈ గుణకం తగ్గుతుంది. అంచు వద్ద ఇది 1కి పడిపోతే ప్లాస్మా మొత్తం పాములా వంకర తిరిగి గోడను తాకుతుందని క్రుస్కల్, షఫ్రనోవ్ 1950లలో వేర్వేరుగా నిరూపించారు. ఆచరణలో 2 దగ్గరనే ప్రమాదం మొదలవుతుంది.

ఆదిత్య కొలతలతో ఒక లెక్క వేద్దాం. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో పని మొదలుపెట్టిన ఈ యంత్రం మన దేశంలోనే రూపొంది తయారైన తొలి టోకమాక్. దాని పెద్ద వ్యాసార్ధం 0.75 మీటర్లు, ప్లాస్మా అడ్డుకోత వ్యాసార్ధం 0.25 మీటర్లు. టొరాయిడల్ క్షేత్రం 0.75 టెస్లా, ప్రవాహం 75 కిలోఆంపియర్లు అనుకుందాం. అప్పుడు ప్లాస్మా అంచున పొలాయిడల్ క్షేత్రం 0.06 టెస్లా, భద్రతా గుణకం 4.2కు దగ్గరగా వస్తుంది. ప్రవాహాన్ని 156 కిలోఆంపియర్లకు పెంచితే గుణకం 2కు దిగుతుంది. అక్కడికి చేరితే ప్రమాదం. ప్రవాహం మరీ తక్కువైనా నష్టమే: ప్లాస్మాలో ఇమడగల సాంద్రతకు పైహద్దు ప్రవాహాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగించగా వచ్చే విలువపై ఆధారపడుతుంది. గ్రీన్‌వాల్డ్ హద్దుగా పిలిచే ఈ సూత్రం ప్రకారం పై ఉదాహరణలో అది ఘనమీటరుకు సుమారు 3.8 × 10¹⁹ ఎలక్ట్రాన్లు. కాబట్టి ప్రవాహాన్ని నియంత్రించడమంటే పైన ఒక గట్టు, కింద ఒక గట్టు ఉన్న దారిలో నడపడమే.

3. చిన్నది వేరు, కుదించినది వేరు:

'కాంపాక్ట్' అనే విశేషణాన్ని సంలీన రచనల్లో రెండు అర్థాల్లో వాడుతున్నారు. యంత్రం మొత్తం చిన్నదని ఒక అర్థం. వలయం లావుకు తగ్గట్టు మధ్యలోని రంధ్రం ఇరుకుగా ఉందని రెండో అర్థం. ఈ రెంటినీ కలిపివేయడం వల్ల చర్చ చాలాసార్లు దారి తప్పుతోందని నా అభిప్రాయం.

ఆదిత్య మొదటి అర్థంలో చిన్నది. పెద్ద వ్యాసార్ధాన్ని చిన్న వ్యాసార్ధంతో భాగిస్తే 3 వస్తుంది; ఇది గారెను పోలిన రూపం. కల్‌హామ్‌లో 1999 నుంచి 2013 వరకు పనిచేసిన మాస్ట్ రెండో అర్థంలో కుదించినది. దాని కొలతలు సుమారు 0.85, 0.65 మీటర్లు. నిష్పత్తి 1.3. గారె చిల్లు దాదాపు మూసుకుపోయి, గింజ తీసిన రేగుపండులా కనిపిస్తుంది. వీటిని గోళాకార టోకమాక్‌లని పిలుస్తారు.

ఇప్పుడు మధ్యలో మిగిలే చోటును చూద్దాం. పెద్ద వ్యాసార్ధం నుంచి చిన్నదాన్ని తీసివేస్తే ఆదిత్యలో 50 సెంటీమీటర్లు మిగులుతుంది, మాస్ట్‌లో 20 మాత్రమే. ప్లాస్మా ఘనపరిమాణంలో మాస్ట్ ఆదిత్య కంటే ఎన్నో రెట్లు పెద్దది. అయినా దాని నడుము ఆదిత్య నడుములో సగం కూడా లేదు. ఆ 20 సెంటీమీటర్లలోనే గది లోపలిగోడ, టొరాయిడల్ క్షేత్రపు తీగల లోపలి కాళ్లు, ప్రవాహాన్ని పుట్టించే సోలినాయిడ్ అన్నీ ఇమడాలి.

ఇంత ఇబ్బంది పడి కుదించడం దేనికి? 1986లో పెంగ్, స్ట్రిక్లర్ ప్రచురించిన వ్యాసం ఈ రూపపు లాభాలను సిద్ధాంతపరంగా వివరించింది. 1991లో మొదలైన స్టార్ట్ అనే చిన్న యంత్రం వాటిని ప్రయోగంలో చూపింది. ప్లాస్మా పీడనాన్ని అయస్కాంత పీడనంతో పోల్చే నిష్పత్తి మామూలు టోకమాక్‌లలో కొద్ది శాతం ఉంటుంది. స్టార్ట్‌లో అది 40 శాతం దాకా వెళ్లింది. అంటే అదే అయస్కాంతపు ఖర్చుతో ఎన్నో రెట్ల పీడనం. కారణం క్షేత్రరేఖల రూపంలో ఉంది. అవి బలమైన క్షేత్రం ఉన్న లోపలి వైపున ఎక్కువ చుట్లు తిరిగి, బలహీనమైన బయటి వైపును త్వరగా దాటిపోతాయి. మనం ఆదిత్యకు వాడిన సులభ సూత్రాన్ని మాస్ట్‌కు అన్వయించి, 0.5 టెస్లా, 10 లక్షల ఆంపియర్లు వేసి చూస్తే భద్రతా గుణకం 1.2 వస్తుంది. ఆ లెక్కన ప్లాస్మా బతకకూడదు. కాని నిలువుగా సాగిన ఆకారం వల్ల, పైన చెప్పిన మెలిక తీరు వల్ల నిజమైన విలువ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే ఆ యంత్రం పది లక్షల ఆంపియర్ల ప్రవాహాన్ని భరించగలిగింది. తరగతిలో విద్యార్థులకు సులభ సూత్రాల పరిమితిని చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచదు.

4. అభివాహపు ఖర్చు:

సోలినాయిడ్‌లో ప్రవాహం మారుతున్నంతసేపూ దాని లోపలి అభివాహం మారుతుంది, ప్లాస్మా వలయం చుట్టూ వోల్టేజి ఏర్పడుతుంది. ప్రాథమిక చుట్టలో ప్రవాహం ఆగకుండా ఒకే దిక్కుకు మారుతూ ఉండాలి. అది నిరంతరం సాగదు కనుక ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే ప్లాస్మాకు ఆయుష్షు ముందే లెక్కగట్టి ఉంటుంది. ఆ లెక్కను వోల్టు-సెకన్లలో వేస్తారు.

పై ఉదాహరణలో ఆదిత్య ప్లాస్మా ప్రేరకత్వం సుమారు 1.6 మైక్రోహెన్రీలు. 75 కిలోఆంపియర్లు నింపడానికి 0.12 వోల్టు-సెకన్లు కావాలి. ఆ తరువాత ప్లాస్మా నిరోధాన్ని భరించడానికి చుట్టు వోల్టేజి 2 వోల్టుల చొప్పున 100 మిల్లీసెకన్లు నిలిపితే మరో 0.2 ఖర్చవుతుంది. మొత్తం 0.32. ఇది ఎంతటి సోలినాయిడ్‌తో వస్తుంది? 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల సోలినాయిడ్‌లో క్షేత్రాన్ని ఒక దిక్కున 5 టెస్లాల నుంచి ఎదురు దిక్కున 5 టెస్లాల దాకా తిప్పితే సుమారు 0.31 వోల్టు-సెకన్లు వస్తాయి. వ్యాసార్ధాన్ని రెట్టింపు చేస్తే అభివాహం నాలుగింతలవుతుంది. నడుము సన్నగిల్లినప్పుడు నష్టం కూడా ఇదే వర్గ నియమంతో వస్తుంది. 50 సెంటీమీటర్ల చోటుకూ 20 సెంటీమీటర్ల చోటుకూ వైశాల్యంలో తేడా ఆరు రెట్లు దాటుతుంది.

గోళాకార ప్లాస్మాకు ప్రేరకత్వం తక్కువ కాబట్టి కొంత ఊరట ఉన్న మాట నిజమే. అయితే అది ప్రయోగశాలలో చాలే ఊరట. విద్యుత్ కేంద్రం మాట వేరు. డ్యుటీరియం, ట్రిటియంల సంలీనంలో 14.1 మెగాఎలక్ట్రాన్‌వోల్టుల శక్తిగల న్యూట్రాన్లు వెలువడతాయి. సోలినాయిడ్ తీగల మధ్య ఉండే విద్యుద్బంధక పదార్థం వాటి తాకిడికి పాడవుతుంది. కాపాడాలంటే మందమైన కవచం కావాలి, కవచానికి చోటు లేదు. అందుకే గోళాకార రియాక్టర్ల రూపకల్పనల్లో సోలినాయిడ్‌ను పూర్తిగా తీసివేయడమో, ప్రారంభానికి మాత్రమే పనికివచ్చే చిన్నదాన్ని ఉంచడమో జరుగుతోంది. చిన్న యంత్రం చవకగా వస్తుందన్న ప్రచారంలో ఈ సంగతి తరచు వినిపించదు.

5. నియంత్రణ వలయం:

ప్రవాహాన్ని నియంత్రించాలంటే ముందు కొలవాలి. ప్లాస్మాలో అమ్మీటరు పెట్టలేం. 1912 నాటి రొగోవ్‌స్కీ తీగచుట్ట ఇప్పటికీ ఆ పని చేస్తోంది. ప్లాస్మా అడ్డుకోతను చుట్టి ఉండే ఈ సన్నని చుట్టలో పుట్టే వోల్టేజి ప్రవాహానికి కాక, ప్రవాహం మారే వేగానికి అనుపాతంలో ఉంటుంది. దానిని కాలంతో సమాకలనం చేస్తే ప్రవాహం తెలుస్తుంది. సమాకలన పరికరంలో సూక్ష్మమైన స్థిరదోషం ఉన్నా అది కాలంతో పేరుకుపోతుంది. 100 మిల్లీసెకన్ల ప్రయోగంలో దీనిని పట్టించుకోనక్కర లేదు. గాంధీనగర్‌లోనే 1000 సెకన్ల లక్ష్యంతో రూపొందిన ఎస్‌.ఎస్‌.టి-1 వంటి యంత్రంలో మాత్రం ఇదే ప్రధాన సమస్య అవుతుంది. చుట్ట గదికి వెలుపల ఉంటే గది గోడలో పారే ప్రవాహం కూడా కొలతలో చేరుతుంది. దానిని విడిగా అంచనా వేసి తీసివేయాలి.

చిన్న ప్రయోగశాలల్లో కెపాసిటర్ల సముదాయాన్ని ముందుగా నింపి, నిర్ణీత క్షణాల్లో విడుదల చేసే పద్ధతి ఉంది. ఇందులో నియంత్రణ అనదగింది లేదు. ప్రయోగం జరుగుతుంది, ఫలితం చూస్తారు, కెపాసిటర్ల వోల్టేజి సవరించి మళ్లీ చేస్తారు. మనిషే పునర్నివేశం. గోడ ఈ రోజు శుభ్రంగా ఉండి రేపు కాస్త నీటి ఆవిరి పట్టి ఉంటే, అదే వోల్టేజికి వేరే ప్రవాహం వస్తుంది.

అసలైన పునర్నివేశంలో కోరిన ప్రవాహానికీ కొలిచిన దానికీ ఉన్న తేడాను బట్టి సోలినాయిడ్ వోల్టేజిని ప్రయోగం నడుస్తుండగానే సవరిస్తారు. ప్లాస్మాను నిరోధం, ప్రేరకత్వం శ్రేణిలో ఉన్న వలయంగా భావిస్తే, తేడాకు అనుపాతంలో మాత్రమే స్పందించే నియంత్రకం కొంత తేడాను ఎప్పటికీ మిగులుస్తుంది. నిరోధం నిత్యం వోల్టేజి కోరుతుంది, తేడా సున్నా అయితే వోల్టేజి కూడా సున్నా అవుతుంది కదా. అందుకని తేడాను కూడబెట్టే సమాకలన పదం కలుపుతారు. ఇందులో ఒక ఉచ్చు ఉంది. విద్యుత్ సరఫరా తన గరిష్ఠ హద్దును తాకినప్పుడు ప్రవాహం పెరగదు, కాని నియంత్రకంలో తేడా పేరుకుపోతూనే ఉంటుంది. తరువాత హద్దు తొలగగానే పేరుకున్నదంతా ఒక్కసారిగా వోల్టేజిగా దూకుతుంది, ప్రవాహం లక్ష్యాన్ని దాటి పోతుంది. హద్దు తాకినప్పుడు కూడబెట్టడం ఆపే ఏర్పాటు తప్పనిసరి. అవకలన పదం స్పందనను త్వరపరుస్తుంది గాని, ప్లాస్మాలోని అయస్కాంత కంపనాల రొదను కూడా అంతే నమ్మకంగా పెంచుతుంది. కాబట్టి దానిని పొదుపుగా వాడతారు.

పాఠ్యపుస్తకపు వలయానికీ ప్లాస్మాకూ ఉన్న పెద్ద తేడా నిరోధం స్థిరంగా లేకపోవడం. స్పిట్జర్ సూత్రం ప్రకారం ప్లాస్మా నిరోధకత ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఒకటిన్నర ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. ప్రారంభంలో 10 ఎలక్ట్రాన్‌వోల్టులు ఉన్న ప్లాస్మా 300కు చేరేసరికి నిరోధకత 160 రెట్లకు పైగా తగ్గుతుంది. ప్రయోగం మొదట్లో సరిపోయిన గుణకాలు మధ్యలో సరిపోవు. గుణకాలను దశలవారీగా మార్చుతూ పోవడం ఇందుకే.

కాలం విషయానికి వస్తే యంత్రం చిన్నదైనకొద్దీ వ్యవధి కరవవుతుంది. పై ఉదాహరణలో ప్రేరకత్వాన్ని నిరోధంతో భాగిస్తే దాదాపు 60 మిల్లీసెకన్లు వస్తాయి. ఐటర్ వంటి మహాయంత్రంలో ఇదే కాలం వందల సెకన్లు దాటుతుంది. ఇక 50 హెర్ట్జ్ సరఫరా మీద నడిచే 12 స్పందాల థైరిస్టర్ పరివర్తకం 1.67 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే కొత్త ఆజ్ఞను స్వీకరించగలదు. గది గోడలోని ఎడ్డీ ప్రవాహాలు దానికి మరికొంత ఆలస్యం జోడిస్తాయి. ఆదిత్య ఉదాహరణలోనే ప్రవాహాన్ని 5 మిల్లీసెకన్లలో 10 శాతం పెంచాలంటే ఇప్పటికే ఉన్న 2 వోల్టులకు తోడు మరో 2.4 వోల్టులు కావాలి. అంటే సరఫరాకు రెట్టింపుకు మించిన సామర్థ్యం చేతిలో ఉండాలి. చిన్న యంత్రం కనుక నియంత్రణ సులువని అనుకోవడం పొరపాటు.

పైగా ప్రవాహం ఒంటరిగా మారదు. ప్రవాహం గల ఏ వలయమైనా తనంతట తాను వ్యాకోచించబోతుంది. దానిని పట్టి ఉంచడానికి నిలువు అయస్కాంత క్షేత్రం కావాలి; 75 కిలోఆంపియర్ల ఆదిత్య ప్లాస్మాకు అది సుమారు 0.025 టెస్లా. ప్రవాహం 10 శాతం పెరిగితే ఈ క్షేత్రమూ అదే క్షణంలో 10 శాతం పెరగాలి. ఆలస్యమైతే వలయం బయటి గోడ వైపు జరుగుతుంది. జరిగితే దాని ప్రేరకత్వం మారుతుంది, ప్రేరకత్వం మారితే ప్రవాహం మళ్లీ మారుతుంది. ప్రవాహానికి ఒక నియంత్రకం, స్థానానికి మరొక నియంత్రకం అని విడదీసి రూపొందిస్తే అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అన్ని చుట్టలను, గోడను, ప్లాస్మాను కలిపి ఒకే పరస్పర ప్రేరకత్వ మాత్రికగా రాసుకొని, దానిని విడదీసే నియంత్రకం కట్టడం నేటి పద్ధతి.

మరొక దారి కూడా తెరుచుకొంది. స్విట్జర్లాండులోని లొజాన్ నగరంలో టి.సి.వి. అనే టోకమాక్ ఉంది. 2022లో అక్కడి శాస్త్రజ్ఞులు, డీప్‌మైండ్ సంస్థ కలిసి, అనుకరణ కార్యక్రమంలో శిక్షణ పొందిన ఒక నాడీజాలానికి 19 తీగచుట్టల వోల్టేజిలను ఏకకాలంలో అప్పగించారు. అది సెకనుకు 10,000 సార్లు ఆజ్ఞలిస్తూ ప్రవాహాన్ని, స్థానాన్ని, ఆకారాన్ని కలిపి నడిపింది. ఇది సాధించిన సంగతిని తక్కువ చేయనక్కర లేదు. అయితే ఆ శిక్షణ అనుకరణ ఎంత నమ్మదగినదో అంతే నమ్మదగినది. ప్లాస్మా అనుకరణ పరిధి దాటి ప్రవర్తించే సందర్భాల్లోనే నియంత్రణ అవసరం ఎక్కువ.

6. ప్రవాహపు పరపు, విచ్ఛేదం:

మొత్తం ప్రవాహం కోరినంతే ఉన్నా, అది ప్లాస్మా అడ్డుకోతలో ఎలా పరచుకున్నదన్నది వేరే సంగతి. త్వరత్వరగా పెంచితే ప్రవాహం అంచునే గుమిగూడి నడిమి భాగం బోలుగా ఉంటుంది. నిదానంగా పెంచితే లోపలికి ఇంకుతుంది, కాని అభివాహం ఎక్కువ ఖర్చవుతుంది. రొగోవ్‌స్కీ చుట్ట ఈ తేడాను చూడలేదు.

పరపు చెడితే భద్రతా గుణకం 2 ఉన్న పొర దగ్గర అయస్కాంత దీవులు పెరిగి ప్లాస్మా ఒక్కసారిగా కూలిపోవచ్చు. దీనిని విచ్ఛేదం అంటారు. ముందు వేడి పోతుంది, చల్లబడిన ప్లాస్మా నిరోధం పెరిగి ప్రవాహం పడిపోతుంది, పడిపోతున్న ప్రవాహం పుట్టించే వోల్టేజి కొన్ని ఎలక్ట్రాన్లను కాంతివేగం దరిదాపులకు తరుముతుంది. ఈ పారిపోయే ఎలక్ట్రాన్లు గోడను కాల్చగలవు. చిన్న యంత్రంలో ఈ నష్టం భరించదగినది కనుక, పెద్ద యంత్రాల్లో ధైర్యం చేయలేని ప్రయోగాలు అక్కడ చేయవచ్చు. ఆదిత్యలో హైడ్రోజన్ వాయువును కావాలని ఎక్కించి విచ్ఛేదాన్ని పుట్టించి, ప్లాస్మా అంచున ఉంచిన ఎలక్ట్రోడుకు వోల్టేజి ఇచ్చి దానిని అణచివేశారు. కొద్దిసేపు ఒకచోట మాత్రమే నిలువు క్షేత్రాన్ని కదిలించి, పారిపోయే ఎలక్ట్రాన్లను తగ్గించారు కూడా. ఈ ఫలితాలను నేరుగా ఐటర్‌కు అన్వయించడం కుదరదు. అక్కడి 15 మెగాఆంపియర్ల ప్రవాహంలో ఒక్కో వేగవంతమైన ఎలక్ట్రాన్ మరెన్నింటినో తనవెంట లాగే ఉప్పెన ఏర్పడుతుంది. దాని తీవ్రత ప్రవాహంతో ఘాతీయంగా పెరుగుతుంది. కిలోఆంపియర్ల యంత్రంలో ఆ ఉప్పెన దాదాపు కనిపించదు.

7. సోలినాయిడ్ లేకుండా:

ప్లాస్మా కొంత ప్రవాహాన్ని తనంతట తానే పుట్టించుకుంటుంది. క్షేత్రం బలహీనంగా ఉన్న బయటి వైపు చిక్కుకుని ఊగిసలాడే కణాలు, పీడనం లోపలి నుంచి బయటికి తగ్గుతూ ఉండటం, ఈ రెంటి కలయికతో వలయం వెంట ప్రవాహం ఏర్పడుతుంది. 1971లో బికర్టన్, కానర్, టేలర్ వివరించిన దీనికి బూట్‌స్ట్రాప్ ప్రవాహమని పేరు. గోళాకార రూపంలో చిక్కుకునే కణాల వాటా ఎక్కువ కాబట్టి ఈ ప్రవాహమూ ఎక్కువ. కాని పీడనం లేకుండా ఇది రాదు, ప్రవాహం లేకుండా పీడనం నిలవదు.

తటస్థ కణపుంజంతో నెట్టవచ్చు. పుంజం నుంచి పుట్టే వేగవంతమైన అయాన్లు ప్లాస్మాలో నిలవాలంటే ముందే కొన్ని వందల కిలోఆంపియర్లు ఉండాలి. లేకపోతే వాటి కక్ష్యలు గోడను తాకుతాయి. విత్తు ముందా చెట్టు ముందా అన్న ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. 1978లో ఫిష్ ప్రతిపాదించిన లోయర్ హైబ్రిడ్ తరంగాలు మామూలు టోకమాక్‌లలో బాగా పనిచేశాయి. గోళాకార యంత్రంలో క్షేత్రం బలహీనం, సాంద్రత ఎక్కువ. అందువల్ల ఆ తరంగాలు లోపలి దాకా చొచ్చుకుపోలేవు.

ప్రారంభ ప్రవాహం కోసం వచ్చిన ఉపాయాల్లో హెలిసిటీ ప్రవేశపెట్టడం నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. క్షేత్రరేఖలు ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకున్నాయో తెలిపే రాశి హెలిసిటీ. ప్లాస్మా అల్లకల్లోలమై శక్తిని కోల్పోయినా ఈ పెనవేత దాదాపు అలాగే మిగులుతుందని 1974లో టేలర్ చూపాడు. బూట్‌స్ట్రాప్ వివరణలో పాలుపంచుకున్న టేలరే ఇతడు. అయితే పెనవేతను అంచు నుంచి ఎక్కిస్తే, ప్లాస్మా తనంతట తానే దానిని వలయ ప్రవాహంగా సర్దుకోవాలి. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఉన్న ఎన్‌.ఎస్‌.టి.ఎక్స్. గోళాకార టోకమాక్‌లో గది లోపలి గోడను, బయటి గోడను విద్యుత్తుపరంగా వేరుచేసి, వాటి మధ్య కెపాసిటర్లతో వోల్టేజి ఇచ్చారు. క్షేత్రరేఖల వెంట పారిన ప్రవాహం బుడగలా గదిలోకి ఉబ్బింది. సరఫరా ఆపివేసిన తరువాత కూడా 160 కిలోఆంపియర్లు వలయంలో మిగిలాయి. ఇక్కడ కీలకం సరఫరా ఆగినా ప్రవాహం మిగలడమే. రేఖలు తెగి తిరిగి కలిసి మూసుకున్న ఉపరితలాలు ఏర్పడ్డాయనడానికి అదే రుజువు. విస్కాన్సిన్‌లోని పెగాసస్‌లో గోడ అంతా కాక అంచున చిన్న ప్లాస్మా తుపాకులు అమర్చి సుమారు 200 కిలోఆంపియర్లు రాబట్టారు. దాని తరువాతి రూపమైన పెగాసస్-3లో సోలినాయిడ్‌ను పూర్తిగా తొలగించారు. ఈ పద్ధతులలో ఎలక్ట్రోడుల నుంచి రాలే మలినాలు ప్లాస్మాను చల్లబరుస్తాయి, చల్లని ప్లాస్మాలో ప్రవాహం త్వరగా హరించుకుపోతుంది.

స్టార్ట్, మాస్ట్ యంత్రాల్లో మరో తీరు చూపారు. గది లోపల పైన, కింద ఉన్న చుట్టల చుట్టూ రెండు ప్లాస్మా వలయాలను పుట్టించి మధ్యకు తెచ్చి కలుపుతారు. రేఖలు తిరిగి కలిసేటప్పుడు ప్లాస్మా వేడెక్కుతుంది. 2022లో అయాన్ల ఉష్ణోగ్రత 10 కోట్ల డిగ్రీలకు చేరిందని ప్రకటించిన ఎస్‌.టి.40 కూడా ఈ పద్ధతిని వాడుతుంది. కాని గది లోపలి చుట్టలకు న్యూట్రాన్ల మధ్య భవిష్యత్తు లేదు.

160 నుంచి 200 కిలోఆంపియర్ల దాకా సోలినాయిడ్ లేకుండా చేరుకున్నాం. పుంజాలూ బూట్‌స్ట్రాప్ బాధ్యత తీసుకోగలిగే స్థితి కొన్ని వందల కిలోఆంపియర్ల దగ్గర మొదలవుతుంది. ఈ మధ్య ఎడం దాటేటప్పుడు నియంత్రణ స్వభావమే మారిపోతుంది. సోలినాయిడ్ చేతిలో ఉన్నంతకాలం వోల్టేజి పెంచితే మిల్లీసెకన్లలో ప్రవాహం కదులుతుంది. లెక్క సూటిగా ఉంటుంది. అది లేనప్పుడు ప్రవాహాన్ని సవరించాలంటే పీడనాన్ని సవరించాలి. పీడనం కోసం వేడిమిని, సాంద్రతను, పుంజం దిశను మార్చాలి. వాటిలో ప్రతి ఒక్కటీ ప్రవాహపు పరపును కూడా కదిలిస్తుంది, పరపు కదిలితే స్థిరత్వపు హద్దు జరుగుతుంది. నియంత్రకం ఆజ్ఞకూ ప్రవాహం స్పందనకూ మధ్య ఉండే ఆలస్యం ఇక సరఫరా పరికరానిది కాదు, ప్లాస్మాదే. పెగాసస్-3లో ఇప్పుడు పరీక్షిస్తున్నది ఈ ఎడంలోని తొలి అడుగులనే.